శిశువుల ఉదరవ్యాధులపై ఒక వైద్యుని జీవితకాల పరిశోధన

పసిబిడ్డకు విరేచనములు పట్టుకొనుట మన ఇండ్లలో క్రొత్త సంగతి కాదు. పళ్లు వచ్చుచున్నవని కొందరు, దిష్టి తగిలినదని కొందరు, వేడి చేసినదని మరికొందరు చెప్పుకొందురు. నాలుగు దినములలో దానంతట అదియే తగ్గిపోవునని ఊరకుందురు. పెక్కు సందర్భములలో అది తగ్గిపోవుటయు నిజమే. కాని తగ్గని సందర్భములలో బిడ్డ కన్నులు లోతునకు పోయి, నాలుక పిడచగట్టి, ఉదయమున ఆడుకొనుచున్న బిడ్డయే సాయంకాలమునకు ప్రాణాపాయస్థితికి వచ్చును. ఇరువదియవ శతాబ్దము ముగియువరకును మన దేశమున అయిదేండ్ల లోపు పిల్లలను బలిగొనిన ముఖ్యవ్యాధులలో అతిసారము ఒకటి.

ఇంత సామాన్యమైన వ్యాధి గనుకనే దీనిపై లోతైన పరిశోధన అవసరమని భావించి, ఢిల్లీ నగరమున తన జీవితములో అధికభాగమును ఇందులకై వినియోగించిన వైద్యుడు డాక్టరు మహారాజ్ కిషన్ భాన్. శిశువుల ప్రేగులకు వచ్చు వ్యాధులు ఎట్లు కలుగుచున్నవి, ఎట్లు నివారింపవచ్చును అను రెండు ప్రశ్నలే ఆయన కృషికి ఆధారములు. ఆయన సాధించిన ఫలితములలో కొన్ని నేడు మన గ్రామములలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రము వరకు వచ్చియున్నవి. ఆ పరిశోధనల చరిత్రను, వానినుండి ప్రతి గృహస్థుడును గ్రహింపవలసిన విషయములను ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

ఆసుపత్రి నుండి పేటలకు

డాక్టరు భాన్ 1947 నవంబరు 9వ తేదీన జన్మించిరి. పూనాలోని సాయుధదళముల వైద్యకళాశాలలో వైద్యవిద్య నభ్యసించి, చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్యసంస్థలో ఉన్నతపట్టము పొందిరి. తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో శిశువైద్యశాఖయందు పనిచేసి, పిల్లల జీర్ణకోశవ్యాధులను ప్రత్యేకముగా అధ్యయనము చేసిరి. 1956లో స్థాపింపబడిన ఆ సంస్థకు ఉత్తరదేశపు నలుమూలలనుండి రోగులు వచ్చుచుందురు.

అయినను అతిసారము వంటి వ్యాధిని ఆసుపత్రిలో మాత్రమే పరిశీలించినచో సగము సత్యమే తెలియును. ఆసుపత్రికి వచ్చునప్పటికే బిడ్డ స్థితి విషమించియుండును. వ్యాధి ఎన్నడు ఆరంభమైనది, తల్లి ఏమి పెట్టినది, త్రాగుట కే నీరు ఇచ్చినది, ఇంటిలోని తక్కిన పిల్లలకు సోకినదా అను విషయములు ఇంటివద్దనే స్పష్టముగా తెలియును. అందువలన భాన్‌గారును, వారి సహచరులును దక్షిణ ఢిల్లీలోని కాల్కాజీ వంటి ప్రాంతములలో, బీదకుటుంబములు నివసించు పేటలకు పోయి పరిశోధనలు సాగించిరి. ఆరోగ్యముగా ఉన్న దినములలోను, జబ్బుపడిన దినములలోను బిడ్డలను ఇంటివద్దనే పరిశీలించి వివరములు వ్రాసికొనుట ఆ పరిశోధనలలో ముఖ్యమైన పని.

జబ్బుపడని శిశువుల రహస్యము

శిశువులకు వచ్చు తీవ్రమైన నీళ్లవిరేచనములకు అనేక క్రిములు కారణములు. వానిలో ముఖ్యమైనది రోటావైరస్. దీనిని 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున రూత్ బిషప్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును కనుగొనిరి. సూక్ష్మదర్శినిలో చక్రాకారముగా కనబడుటచే దీనికి, లాటిన్ భాషలో చక్రమను అర్థము గల పేరు వచ్చినది. ఈ వైరస్ చిన్నప్రేగు లోపలి పొరపై ఉండు సన్నని వ్రేళ్లవంటి భాగములను దెబ్బతీయును. ఆహారమును, నీటిని, లవణములను శరీరములోనికి తీసికొనునవి ఆ భాగములే. అవి పనిచేయనందున నీరంతయు విరేచనముగా వెడలిపోవును.

మనము సాధారణముగా విరేచనములను వేసవితోను, వానకాలపు మురికినీటితోను ముడిపెట్టి ఆలోచింతుము. రోటావైరస్ అట్టిది కాదు. ఉత్తరభారతమున ఇది శీతకాలములో హెచ్చుగా వ్యాపించును. కలుషితమైన చేతులు, ఆటవస్తువులు, బట్టలు మొదలగువానిద్వారా ఒక బిడ్డనుండి మరియొక బిడ్డకు సులభముగా సోకును. ధనికదేశములలో మంచి నీరు, మరుగుదొడ్లు ఉన్న ఇండ్లలోని పిల్లలకును అయిదేండ్లు నిండులోపల ఇది సోకుచునే యుండెను. కనుక పరిశుభ్రత అత్యవసరమే అయినను, దానితో మాత్రమే ఈ వైరస్‌ను అరికట్టుట సాధ్యము కాదు. దీనికి టీకా కావలెను.

1985, 1986 సంవత్సరముల ప్రాంతమున అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో అప్పుడే పుట్టిన శిశువుల వార్డునందు ఒక విచిత్రమైన విషయము బయటపడినది. అచటి శిశువులలో అనేకుల మలములో రోటావైరస్ కనబడినది. కాని ఆ శిశువులకు విరేచనములు లేవు. పాలు త్రాగుచు, హాయిగా నిద్రించుచుండిరి. రోగము కలుగలేదు గదా అని ఆ విషయము నంతటితో విడిచిపెట్టవచ్చును. కాని భాన్‌గారు వేసికొనిన ప్రశ్న వేరు: రోగక్రిమి కడుపులో ఉండియు ఈ బిడ్డలు ఎందుకు జబ్బుపడలేదు? ఇపుడు జబ్బుపడని బిడ్డలు ముందు ముందు కూడ జబ్బుపడకుందురా?

దీనికి సమాధానము తెలియుటకు ఆ శిశువులు ఇండ్లకు వెళ్లిన తరువాత కూడ వారి ఆరోగ్యమును గమనించుచు రావలసివచ్చినది. పుట్టిన వెంటనే ఆ వైరస్ సోకిన బిడ్డలకు, తరువాత రోటావైరస్ అతిసారము నుండి రక్షణ లభించినట్లు తేలినది. ఈ ఫలితములు 1993లో శాస్త్రపత్రికయందు ప్రకటింపబడినవి. ఆ వార్డులో దొరికిన వైరస్ జాతికి 116ఇ అను గుర్తు ఇయ్యబడెను. అది మనుష్యులకు సోకు రోటావైరసే; కాని దానిలో ఒక జన్యువు పశువులకు సోకు వైరస్ నుండి వచ్చి చేరినదని పరిశీలనలో తెలిసినది. ప్రకృతియే దానిని, రోగము కలిగింపక రక్షణ మాత్రము కలిగించునట్లు తయారుచేసినదన్నమాట. పద్దెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్, గోమశూచి సోకిన పాలవారికి మశూచికము రాదను పల్లెవారి మాటను పట్టుకొని 1796లో మొదటి టీకాకు దారితీసెను. జబ్బుపడినవారినే గాక, జబ్బుపడనివారిని గూడ శ్రద్ధగా పరిశీలించుటవలన కలుగు మేలు ఈ రెండు సందర్భములలోను కానవచ్చును.

ముప్పది సంవత్సరముల ప్రయాణము

వైరస్ దొరకినంత మాత్రమున టీకా సిద్ధము కాదు. అది నిరపాయకరమని, ప్రయోజనకరమని నిరూపింపవలెను. అందరికిని అందునంత చౌకగా తయారు చేయవలెను. 1987లో భారత, అమెరికా దేశములు టీకాల విషయమున కలసి పనిచేయుటకు ఒక కార్యక్రమము నేర్పరచుకొనినవి. దాని సహాయముతో ఉభయదేశముల శాస్త్రజ్ఞులు 116ఇ జాతిపై పని సాగించిరి. టీకాను తయారు చేయు బాధ్యతను హైదరాబాదు నగర సమీపమున గల భారత్ బయోటెక్ సంస్థ వహించినది. ఢిల్లీలో పుట్టిన శిశువులయందు దొరకిన వైరస్, తెలుగునాట టీకాగా రూపొందినది.

ఇంతలో అమెరికాలో ఒక హెచ్చరిక వంటి సంఘటన జరిగినది. 1998లో అచట అనుమతి పొందిన మొదటి రోటావైరస్ టీకాను 1999లో ఉపసంహరించుకొనవలసివచ్చెను. ఆ టీకా తీసికొనిన శిశువులలో బహుకొద్దిమందికి ప్రేగు ముడుచుకొని దానిలోనికే దూరు ప్రమాదస్థితి కలిగినట్లు తెలియుటయే అందులకు కారణము. కనుక తరువాత వచ్చు ప్రతి రోటావైరస్ టీకాను మరింత జాగ్రత్తతో పరీక్షింపవలసివచ్చినది. భారతీయ టీకాను గూడ మొదట పెద్దలకు, తరువాత పిల్లలకు, ఆ తరువాతనే పసిబిడ్డలకు ఇచ్చి, అంచెలంచెలుగా పరిశీలించిరి.

చివరి పెద్దపరీక్ష 2011లో ఆరంభమైనది. ఢిల్లీలోను, పూనా సమీపమున వడు గ్రామప్రాంతములోను, తమిళనాడులోని వెల్లూరులోను మొత్తము 6,799 మంది శిశువులు ఇందులో చేర్పబడిరి. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకాయు, ఒకరికి టీకామందు లేని ద్రవమును ఇచ్చిరి. ఎవరికేది ఇచ్చినది తల్లిదండ్రులకు గాని, పరీక్షించు వైద్యులకు గాని తెలియదు. పక్షపాతమునకు తావులేకుండ నిజము తెలిసికొనుటకు ఇదియే మార్గము. 2013 మే నెలలో ఫలితములు వెల్లడియైనవి. జీవితములోని మొదటి సంవత్సరమున తీవ్రమైన రోటావైరస్ అతిసారమును ఈ టీకా నూటికి 56 వంతుల మేరకు తగ్గించినది.

నూటికి 56 అనగా తక్కువ గదా అని కొందరికి తోచవచ్చును. నోటిద్వారా ఇచ్చు టీకాలు ధనికదేశముల పిల్లలలో కంటె బీదదేశముల పిల్లలలో తక్కువగా పనిచేయుట ఇతర టీకాల విషయమునను గమనింపబడినదే. పోషకాహార లోపము, ప్రేగులలో నిరంతరముగ ఉండు ఇతర క్రిములు దీనికి కారణములలో కొన్ని అని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. అయినను వ్యాధి ఇంత విస్తారముగా ఉన్నచోట, తీవ్రస్థితికి వచ్చు పిల్లలలో సగమునకు పైగా తగ్గుట సామాన్యమైన లాభము కాదు. మిగిలిన భాగమును కాపాడుట మాత్రము ఇంటివారి జాగ్రత్తపై ఆధారపడియున్నది. ఆ విషయము ముందు తెలుపబడును.

2015 మార్చి 9వ తేదీన న్యూఢిల్లీలో ఈ టీకా లాంఛనముగా విడుదలయ్యెను. 2016లో ప్రభుత్వపు సార్వత్రిక టీకాల కార్యక్రమమున రోటావైరస్ టీకా మొదటిగా నాలుగు రాష్ట్రములలో ప్రవేశపెట్టబడినది. ఆ నాలుగింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తక్కినవి హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. 2018లో ప్రపంచ ఆరోగ్యసంస్థ హైదరాబాదు టీకాకు తన అర్హతాపత్రము నిచ్చినది. 2019లో రోటావైరస్ టీకా దేశమంతటికిని విస్తరింపబడినది. శిశువుల వార్డులో మొదటి పరిశీలన జరిగిననాటి నుండి దేశములోని ప్రతి రాష్ట్రమునకు టీకా చేరువరకు ముప్పది సంవత్సరములకు పైగా పట్టినది.

లవణజలము, జింకు

డాక్టరు భాన్ కృషి టీకాతో ముగియలేదు. వచ్చిన వ్యాధిని మాన్పు విధానములపై గూడ వారు పనిచేసిరి. విరేచనములలో ప్రాణము తీయునది క్రిమికంటె శరీరములోని నీరు, లవణములు హరించుటయే. ప్రేగు జబ్బుపడియున్నను గ్లూకోసు చక్కెర ఉప్పును తనవెంట లోనికి తీసికొనిపోవును. ఉప్పువెంట నీరు పోవును. ఈ సూక్ష్మము నాధారము చేసికొని, 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ కాందిశీకుల శిబిరమునందు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటితో కలరా రోగులనేకులను బ్రదికించిరి. దానినే మనము నేడు ఓ.ఆర్.ఎస్. అని పిలుచుచున్నాము.

తొలినాటి పొడిలో ఉప్పు, గ్లూకోసు కొంత హెచ్చుగా నుండెను. వానిని తగ్గించినచో విరేచనము, వాంతులు ఇంకను తగ్గునా అని అనేక దేశములలో పరీక్షలు జరిగినవి. ఆ పరీక్షల ఫలితములను సమీక్షించి 1994లో వ్యాసము ప్రకటించిన నలుగురిలో భాన్‌గారును, మహలనబిస్‌గారును ఉన్నారు. తరువాత ప్రపంచ ఆరోగ్యసంస్థ తక్కువ సాంద్రత గల పొడిని ఆమోదించినది. ఒక లీటరు నీటికి సరిపోవు పొట్లములో నేడు 20.5 గ్రాముల పొడి యుండును.

జింకు విషయమున ఢిల్లీ పరిశోధన లోకమునకు మార్గదర్శకమైనది. ఆరునెలలు మొదలు మూడేండ్ల లోపు వయస్సు గల 937 మంది పిల్లలపై కాల్కాజీలో జరిగిన ఈ పరీక్ష ఫలితములను 1995లో సునీల్ సజావల్, రాబర్ట్ బ్లాక్, భాన్ మొదలగువారు ప్రకటించిరి. జింకు పుచ్చుకొనిన పిల్లలలో విరేచనములు త్వరగా కట్టినవి. ఇతర దేశములలోను ఇట్టి ఫలితములే వచ్చినందున, 2004లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు, యునిసెఫ్ సంస్థయు అతిసారమునకు ఓ.ఆర్.ఎస్.తో పాటు జింకును గూడ ఇయ్యవలెనని సలహా యిచ్చినవి.

ఎంతకును కట్టని విరేచనములు

కొందరు పిల్లలకు విరేచనములు రెండు వారములు దాటినను కట్టవు. బిడ్డ చిక్కిపోవును, ఎదుగుదల ఆగిపోవును. దీనికి కారణములు వేరు. గోధుమ, బార్లీ మొదలగు ధాన్యములలోని గ్లూటెన్ అను మాంసకృత్తు కొందరి శరీరమునకు సరిపడక, చిన్నప్రేగు పొరకు హాని కలుగును. దీనికి సీలియాక్ వ్యాధి యని పేరు. ఇది పాశ్చాత్యుల వ్యాధియని చాలకాలము భావించెడివారు. కాని భాన్‌గారును, సహచరులును భారతీయ శిశువులలో దీర్ఘకాల విరేచనములకు ఇదియు ఒక కారణమని 1988లో లాన్సెట్ పత్రికయందు తెలిపిరి. గోధుమ రొట్టె ముఖ్యాహారముగా గల ఉత్తరదేశమున ఇది ఎంతయు గమనింపదగిన విషయము. వ్యాధి నిర్ధారణయైన పిల్లలు జీవితాంతము గ్లూటెన్ గల పదార్థములను విడిచిపెట్టవలెను. వరి, జొన్న, మొక్కజొన్నలలో ఈ దోషము లేదు.

ఇట్లే పాశ్చాత్యుల వ్యాధులని తలంపబడి, మన పిల్లలలోను కనబడుచున్నవి మరి రెండు గలవు. ప్రేగులలో దీర్ఘకాలము వాపును, పుండ్లను కలిగించు క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనునవి అవి. వారములతరబడి మలముతో రక్తము పడుట, మాటిమాటికి కడుపునొప్పి, బరువు తగ్గుట, వయస్సుకు తగిన ఎత్తు పెరుగకుండుట, గుదద్వారము వద్ద పుండ్లు వీని లక్షణములు. మన దేశమున ప్రేగుల క్షయకును, క్రోన్స్ వ్యాధికిని లక్షణములు పోలియుండుటవలన పొరబడు అవకాశము కలదు. చికిత్సలు వేరు గనుక, ఇట్టి బిడ్డను నాటుమందులతో కాలయాపన చేయక పెద్ద ఆసుపత్రిలో చూపింపవలెను.

పరిశోధకులను తయారుచేసిన పరిశోధకుడు

2004 మొదలు 2012 వరకు డాక్టరు భాన్ భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖకు కార్యదర్శిగా ఉండిరి. వైద్యుడు కనుగొనిన విషయము రోగికి చేరుటకు ముప్పది యేండ్లు పట్టరాదను ఉద్దేశముతో, ప్రయోగశాలను ఆసుపత్రితో కలుపు సంస్థలను నెలకొల్పుటకు తోడ్పడిరి. ఢిల్లీ ప్రక్కన హర్యానాలోని ఫరీదాబాదులో ఉన్న ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ అట్టివానిలో ఒకటి. ఆయనకు 1990లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమానమును, 2013లో పద్మభూషణ బిరుదమును లభించినవి. 2020 జనవరి 26వ తేదీన వారు కీర్తిశేషులైరి.

ఇంటివారు చేయవలసిన పనులు

1. మొదటి ఆరునెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప, నీరు సయితము ఇయ్యరాదు.

2. ఆరవ, పదియవ, పదునాల్గవ వారములలో రోటావైరస్ టీకాను నోటిద్వారా ఇప్పింపవలెను. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఇది ఉచితము. ఆలస్యమైనను మొదటి మోతాదు ఏడాది నిండకముందే పడవలెను.

3. విరేచనములు ఆరంభమైన వెంటనే ఓ.ఆర్.ఎస్. పట్టింపవలెను. పొట్లమునంతను ఒకేసారి ఒక లీటరు మంచినీటిలో కలుపవలెను; కొంచెము కొంచెముగా కలుపరాదు. చెంచాతో నిదానముగా పట్టవలెను. వాంతి అయినచో పది నిమిషములాగి మరల ఇయ్యవలెను. కలిపిన నీరు ఇరువది నాలుగు గంటలు దాటినచో పారబోయవలెను.

4. వైద్యుడు గాని, ఆరోగ్య కార్యకర్త గాని ఇచ్చిన జింకు బిళ్లలను విరేచనములు కట్టినను పదునాలుగు దినములు పూర్తిగా ఇయ్యవలెను. ఆరునెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాములు, రెండునెలలు నిండి ఆరునెలల లోపు బిడ్డకు 10 మిల్లీగ్రాములు చాలును.

5. లంఖణము పరమౌషధమను సామెత పసిబిడ్డకు వర్తింపదు. తల్లిపాలు మానరాదు. అన్నము తిను బిడ్డకు గంజి, మెత్తని పప్పన్నము, పెరుగన్నము, అరటిపండు పెట్టుచుండవలెను.

6. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకపోయినను, కన్నులు లోతునకు పోయినను, మూత్రము తగ్గినను, మలముతో రక్తము పడినను, త్రాగినదంతయు కక్కుచున్నను క్షణమాలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను. దారిలో ఓ.ఆర్.ఎస్. పట్టుచునే యుండవలెను.

7. మలవిసర్జన తరువాతను, బిడ్డను కడిగిన తరువాతను, అన్నము పెట్టుటకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పైన చెప్పినవానిలో ధనవంతులకు మాత్రమే సాధ్యమైనది ఒక్కటియు లేదు. టీకా, ఓ.ఆర్.ఎస్., జింకు మూడును ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా లభించును. వీనిని గూర్చి సందేహములున్నచో మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ఏ.ఎన్.ఎం.ను గాని అడిగి తెలిసికొనుడు. బిడ్డ టీకాల కార్డును తీసి, రోటావైరస్ గడులు మూడును నిండినవో లేదో నేడే చూచుకొనుడు.